తడిగుడ్డ

మా జేజికి వృత్తలేఖిని అంటే తెలీదు.
మసిలే ఎసరు పోసిన జొన్నపిండిని
అరచేతి మొదలుతో పిసికి పిసికి
పలక మీద తడుతుంటే
రొట్టె తనంతట తానే తిరిగేది
ఎద్దు లేని గానుగలా.

ఆదోనిలో పత్తిమార్కెట్టు వెనకాల మా గేరి.
చప్పుడును బట్టే ఇంటింటి లెక్క తేలేది.
"దస్తగిరమ్మ ఈపొద్దు పన్నెండు చేసింది"
గోడవతల హుసేనమ్మ
తొంగి చూడకుండానే చెప్పేది.

ఆ కరువేడు
గుమ్మి అడుగును చీపురుతో ఊడ్చినాక
పొద్దుగూకంగానే జేజి
పొయ్యిలోకి రెండు పత్తికట్టెలు ఎగదోసి
ఉత్త పలకను తట్టేది.
పిండి లేదు, ముద్ద లేదు.
టప్ టప్ టప్.
రొట్టెను పెనం మీద వేసేంత సేపు ఆగి,
తడిగుడ్డతో తుడిచేంత సేపు ఆగి,
మళ్ళీ టప్ టప్.
పన్నెండూ పూర్తయ్యేదాకా.
మేము చెంబెడు నీళ్ళు తాగి
ఆ చప్పుడు వింటూ నిద్రపోయినాం.
ఇప్పటికీ వింటే
సిగ్గులేకుండా నోరూరుతుంది నాకు.

బేతంచెర్లలో నాపరాళ్ళ పాలీషు పని మౌలాలిది.
రాత్రి ఇంటికొస్తే
కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము.
"ఎవరు జల్లించినారు నిన్ను" అని నవ్వేదాన్ని.
ఆ నవ్వును వెనక్కి తీసుకునే వీలుంటే బాగుండు.

కర్నూలు పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ ఎక్స్‌రేను కిటికీకి ఎత్తిపట్టి
"ఈ మచ్చలు చూడమ్మా" అంది.
చూసినాను.
నాకు ఎరికైన మచ్చలే.
సెగ ఎక్కువైతే రొట్టెకు పడేవి.
కానీ ఈ రొట్టెకు
తిప్పి వేసేందుకు రెండో పక్క లేదు.

పదకొండు నెలలు ఆసుపత్రి గేటు బయట
మూడు రాళ్ళు, ఒక పెనం.
రొట్టె పదిహేను, ఊరుబిండి ఊరకే.
మందుల చీటీ ఎంత పొడుగుంటే
ఆపొద్దుకు అన్ని రొట్టెలు.
మణికట్టు వాచింది, గుడ్డ చుట్టినాను.
పదకొండో నెలలో
చీటీ రాసే పని వాళ్ళకు తప్పింది.

నలభై దినాలయినాక ఒక సాయంత్రం
చేయి పట్టు తప్పి
తడిగుడ్డ జారి పెనం మీద పడింది.
తీయాలనిపించలేదు.
పొగ వచ్చింది, కమురు వాసన వచ్చింది,
అప్పుడు లాగినాను.
మడతలు పడిన చోట తెల్లగీతలు,
పక్కటెముకల్లా వరసగా.
నడుమ గోధుమరంగు, అక్కడక్కడా నలుపు.
అది మౌలాలి ఛాతీ.

ఆ రాత్రి జేజి పాత చీరను చించినాను.
గంజిలో నానబెట్టిన గుడ్డకు రంగు లోతుగా దిగుతుంది.
ఎన్ని అంకెలు లెక్కపెడితే ఎర్రన,
ఎన్నింటికి నలుపు, ఎప్పుడు చిల్లి,
ఇవన్నీ ఎవరూ నేర్పలేదు.
ముప్పై ఏండ్లుగా పొయ్యి ముందరే కదా కూర్చున్నాను.
చింతపండు పులుసు చిలకరిస్తే
మచ్చ అంచు కాస్త మెత్తబడుతుంది.
దుఃఖానికి అట్లాంటిదేదీ దొరకలేదింకా.

ఇంటి పక్క డ్రాయింగు సారు వీరన్నాచారి చూసి
కర్నూల్లో ఒక హాలు గోడలకు తగిలించినాడు.
తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన
"చందమామల్లే ఉన్నాయమ్మా" అన్నాడు.
చందమామ కాదు సారూ,
పదిహేను రూపాయలది.

పాణ్యం నుంచి వచ్చిన ఒకామె ఏమీ అడగలేదు.
ఒక గుడ్డ ముందర చానాసేపు నిలబడి
నల్లమచ్చ మీద వేలు పెట్టింది.
తర్వాత కొంగుతో
దాన్ని తుడవబోయింది.

ఆఖరున ఏ గుడ్డా లేదు.
జేజి పలక ఒక్కటే, నేల మీద.
పేరు రాసియ్యమంటే
"పన్నెండు" అని రాసిచ్చినాను.

ఎవరి పిల్లోడో గొంతుక్కూర్చుని
పలకను తట్టడం మొదలుపెట్టినాడు.
వాచ్‌మెన్ కసిరితే
"తట్టనీ" అన్నాను.
ఏడు దాకా తట్టి
వాళ్ళమ్మ పిలిస్తే లేచి పోయినాడు.