ఎడమవైపు గాజులు

ఎలక్ట్రిక్ బండి, జాగ్రత్త, అంది డాక్టరమ్మ.
నారింజరంగు తీగెల జోలికి పోనమ్మా,
నాకు తలుపు చాలు, అన్నాను.

రాయగడలో ఇరవై రెండేళ్లుగా
లారీలకి, జీపులకి, ఒకసారి శవాల బండికి కూడా
గాజులెక్కించినవాణ్ణి.
ఇంజను చప్పుడు లేనిదానికి మాత్రం ఇదే మొదలు.

రెండు నెలలు ఆగాం సరుకు కోసం.
విశాఖ నుంచి మొదట కుడివైపువి వచ్చాయి.
అదే గోనెలో చుట్టి వెనక్కి పంపాను.
ఈలోగా వెనక తలుపుకి పాత ఫ్లెక్సీ ముక్క,
దానిమీద ఎవరిదో సగం మీసం.

"గాజు పోయాకే తెలిసింది బాబూ,
బండి మోగదు కదా, ఊరంతా వినిపిస్తోంది.
జేకేపూర్ మిల్లు కూత,
వంతెన కింద నాగావళి,
మేక మెడలో గంట."
ఒడియా యాస కలిసిన తెలుగు ఆమెది,
ఒక్కో మాటా చివర కాస్త గుండ్రంగా ఉంటుంది.

ఏటయ్యిందమ్మా అని అడిగాను.

సంత రోజు. కాంపౌండరు మనవడు, రెండేళ్లవాడు,
సీట్లో నిద్ర. తాళం లోపల.
చిన్న బ్యాటరీ చచ్చిపోయింది.
పెద్దదాన్లో నూటయాభై కిలోమీటర్లున్నాయి,
ఒక్క తలుపు తీసేంత లేదు.
పిడి తలుపులోకి ముడుచుకుపోయి
గోళ్లతో గీకినా బయటికి రాలేదు.
ఒకడు కంపెనీకి ఫోను చేస్తున్నాడు,
ఒకడు వీడియో తీస్తున్నాడు.
అనాసపళ్లు అమ్ముకునే ఒకావిడ లేచి
తక్కెడలోంచి కిలో రాయి తీసింది.
పిల్లాడు ఏ పక్కనున్నాడో వంగి చూసి
రెండో పక్కకి వచ్చి కొట్టింది.
ముందుది రెండు పొరలది, సాలెగూడులా చిట్లింది గానీ దారివ్వలేదు.
వెనకది ఒక్క దెబ్బకి జలజలా రాలింది.
చెమటతో నానిపోయిన పిల్లాణ్ణి
కిటికీలోంచే లాగింది.
జనం వాడి చుట్టూ మూగేసరికి
ఆవిడ లేదు. పళ్లూ లేవు.

తలుపు తొడుగు విప్పాను.
పిడి వెనక మూత కింద దాక్కున్న మర,
అంచు చుట్టూ తొమ్మిది క్లిప్పులు,
అందులో రెండు విరిగాయి, ఎప్పుడూ విరుగుతాయి.
జిగురు షీటు ఒలిచి చెయ్యి పెడితే
పటికబెల్లం పలుకుల్లా గాజు,
దోసిళ్లకొద్దీ.
పచ్చనీడ తిరిగే ఆ పలుకుల్లో
ఎర్రగా, వంపుగా ఒక ముక్క.
ఇంకొకటి. మూడు.

మా భాషలో రెంటికీ ఒకటే మాట.
ఇన్నేళ్లు నోట్లో నానినా
ఒకే అరచేతిలో చూడటం ఇదే.
కారు గాజు ఎవర్నీ కొయ్యకుండా పగలడం నేర్చుకుంది,
చేతి గాజుకి ఆ చదువు లేదు.
ఒక ముక్క అంచున గోధుమరంగు మరక.
నెత్తురో తుప్పో డాక్టరమ్మ కూడా తేల్చలేదు,
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

కొత్తవి గాడిలోకి దిగాయి.
బిగింపు వదులైతే గలగలమంటుంది,
ఎక్కువైతే ఏదో గుంతలో పగులుతుంది.
మీట పైకి లాగి ఐదు లెక్కపెట్టాలి,
తన అంచు ఎక్కడో తనకి గుర్తొచ్చేదాకా.
మిల్లు కూత మధ్యలో తెగిపోయింది.
డాక్టరమ్మ లోపల్నుంచి ఏదో అంది,
నాకు పెదాలే కనిపించాయి.

బిల్లులో రాశాను: ఎడమవైపు గాజులు, రెండు.
సాయంత్రం మలారం దించుకుని కూర్చున్న పైడితల్లికి
ఎర్రముక్క చూపించాను.
వేలి కణుపు మీద పెట్టి వంపు చూసి
"రెండుంబావు. పనిచేసే చెయ్యి" అంది.
డజను కట్టించాను. బిల్లులో వెయ్యలేదు.

మూడు సంతలు తిరిగాం.
అనాసల కాలం దాటిపోయింది.

మొన్న డాక్టరమ్మ బండి తెచ్చి
ఏదో గలగలమంటోంది, బిగింపు చూడమంది.
గాజు తట్టాను. గట్టిగా ఉంది.
ముందు అర తెరిచాను, కాగితం పొట్లం.
ఇద్దరం కాసేపు చూశాం.
తీసి వెనక సీటు మీద పెట్టబోతే
"ఉండనీ" అంది,
"ఈ బండికి ఏదో ఒక చప్పుడుండాలి కదా."