వీసా లేని బొగ్గు

ద్వారకానగర్ మూడో అంతస్తులో
శశిభూషణ్ గారు దేశాల్ని పేకముక్కల్లా పరిచారు.
ఐర్లాండ్‌లో వాన ఎక్కువ.
కెనడా తలుపు ఇప్పుడు ఓరగా వేసుంది.
జర్మనీలో చదువు చవక, భాషే ఖరీదు.
"చదువు సరేనమ్మా, సెటిలవడం ఎక్కడ?"

జవాబు రాలేదు నాకు.
బస్సు కిటికీ పక్కన కూర్చుని
వన్‌టౌన్ దాకా అదే ప్రశ్న నమిలాను.

మేడమీద పిన్ని దుప్పట్లు దులుపుతోంది,
పోర్టు బొగ్గుపొడి, నల్లగా, నూగులా.
"ఆస్ట్రేలియాదట ఇది. ఓడెక్కి వొచ్చీసి
మన గుమ్మంలో కూకుంది.
దీనికెవులిచ్చారే వీసా?"

నవ్వాను.
మెట్లు దిగుతుంటే నవ్వు ఆగిపోయింది.

రాత్రి జర్మన్ పాఠం.
సముద్రానికి వాళ్ళకి మూడు మాటలు:
ఒకటి ఆడ, ఒకటి మగ,
ఇంకోటి వట్టి వస్తువు.
పిన్ని సంద్రం అంటుంది,
ఆడో మగో ఎప్పుడూ అడగలేదు.
కరెంటు పోయిన రాత్రి
ఆ వాసన పట్టుకునే ఇల్లు చేరేవాళ్ళం.

దరఖాస్తులో దేశం గడి ఇంకా ఖాళీ.
ఏం రాయాలో తోచక వేలు పెట్టాను.
నల్లటి ముద్ర.
తుడిస్తే ఇంకా పాకింది.

సరే,
నాకంటే ముందే వెళ్ళి
వన్‌టౌన్ అక్కడ కూకుంది.