మూలమట్టం

కడపలో రైల్వే స్టేషను దావన
ఊరంతా దయ్యాల బంగళా అనే లాడ్జికి
మా నాయన తలుపు బయటి మనిషి.
ఇప్పుడు నేను.

రెండో శనివారం పొద్దున
గోడమీది పెద్దల దుమ్ము తుడుస్తా.
మొదట పిల్చర్ దొర, పటంలో సగం మీసాలే.
తర్వాత వకీలు శఠగోపాచారి,
మనోడికి ఆ కుర్చీ ఏందని మద్రాసుకు జాబులు పోయినాయంట.
హకీం గౌస్ మియా.
కరువులో లాడ్జి వెండిగిన్నెలమ్మి
గంజి పోయించిన శెనక్కాయల మిల్లు పుల్లయ్యశెట్టి.
ఆయన పటానికి మాత్రం రెండుసార్లు గుడ్డ పెడతా.

లోపలేముందని అడగనోడు లేడు.
నల్లబండ, తెల్లబండ.
మూలమట్టం, కంపాసు, మిగిలిన వెండంతా అదే,
ఒక్క రాయినీ కొలవంది.

మొన్నటి వానకు నేల కుంగింది.
బండెత్తితే అడుగున ఉలిగాటు:
మూడు గీతలు, ఒక చుక్క.
మా జేజినాయన తిప్పన్న కూలిలెక్క గుర్తు.
నేల పరిచినాక
ఆయన మళ్లీ ఈ గడప తొక్కలేదు.

ఇప్పటి పెద్ద, రిటైరైన ఇంజనీరు,
మిగిలిన ఏడుమందిలో ఒకడు,
మోకాళ్లమీద వంగి
చానాసేపు ఆ గాటును వేలితో తడిమి
"ఎవరిదబ్బా ఇది?" అన్నాడు.

చెప్పలేదు.
మీకూ ఉండాయి కదా సార్,
బయట చెప్పకూడనివి.