తోలుగుడ్డు

బౌచీ ఊరవతల, మిట్టమధ్యాహ్నం.
రేకు మీద ఎండ చిటపటమంటోంది.
షెడ్డులో ఆరు వందల కోళ్లు
నోళ్లు తెరిచి, రెక్కలు ఒంటికి ఎడంగా పట్టుకుని
తమను తామే ఆరేసుకున్నట్టు నిలబడ్డాయి.
కూత లేదు.
వగర్పు ఒక్కటే.
ఆరు వందల చిన్న కొలిమితిత్తులు.

ఇలియాసు ట్రే తెచ్చి చూపించాడు.
పొద్దుటి గుడ్లు. వేలు ఆనిస్తే లోపలికి పోతోంది.
ఒకదానికి పెంకే లేదు,
తడి తోలుసంచిలా అరచేతిలో ఒరిగి
మణికట్టు మీదికి జారబోయింది.

"దాణా మార్చావా?" ఫోన్లో డాక్టర్ నాన్‌బోల్.
లేదు. ఆల్చిప్పల పొడీ తగ్గించలేదు.
"తింటే కదా! పైగా అంతలా వగరిస్తే
పెంకు కావలసింది గాలిలో పోతుంది."
సగమే అర్థమైంది.
మిగతా సగం షెడ్డులో నిలబడ్డాక:
పెంకు నోట్లోంచి పోతోంది,
ఊపిరికి ఇంత చొప్పున.

రంజాను పదిహేడో రోజు.
తెల్లారకముందు తాగిన నీళ్లు ఎప్పుడో చెమటైపోయాయి.
నాలుక అంగిట్లో అట్టకట్టి
బిందె తరవాత బిందె మోస్తున్నాను.
పైపుల్లో నీళ్లు టీ కాచినట్టున్నాయి,
అందుకని మట్టి మూకుళ్లలోకి.
తాగుతున్నాయి. తలెత్తుతున్నాయి. మళ్లీ తాగుతున్నాయి.
ఆ గొంతుల్లో గుటక దిగడం
చూడకూడదనుకుంటూనే చూశాను.

మూడింటికి మొదటిది ఒరిగింది.
నాలుగు కొట్టేలోపు పదకొండు.
జనరేటరుకి డీజిలు కావాలంటే గుడ్లు అమ్మాలి.
ఈ గుడ్లు ఎవరు కొంటారు?

ఇఫ్తారుకని దెలూకి ఐసుగడ్డ చెప్పి ఉంచాను,
పిల్లల గోగుపూల జోబోలోకి.
గోనెలో చుట్టి సైకిలు మీద తెచ్చింది, రంపపుపొట్టు రాలుస్తూ.
"ఇదే ఆఖరుది" అంది.
సుత్తితో పగలగొట్టి ట్యాంకులో వేశాను.
ఒక ముక్క వేళ్లకి అంటుకుంది.
కరిగేదాకా పట్టుకున్నాను,
నోటికి దూరంగా.

"ఐసేది?" అంది చిన్నది హంసాతు.
కోళ్లు తాగేశాయన్నాను.
"వాటికి ఉపవాసం లేదా?"
ఖర్జూరం నములుతున్నాను, జవాబు చెప్పలేదు.
జోబో గోరువెచ్చగా ఉంది. రెండు గ్లాసులు తాగాను.

రాత్రి పదకొండింటికి లాంతరుతో వెళ్లి దాణా పోశాను.
కాస్త తిన్నాయి.
రేపటి పెంకు ఇప్పుడే కట్టుకోవాలట, చీకట్లో.
లాంతరు తగ్గించి
వాటి నోళ్లు మూసుకున్నాయో లేదో
వింటూ కూర్చున్నాను.