మూడొందల గ్రాములు

పో నది మీది పొగమంచు ఇంకా లేవలేదు.
గట్టున పొప్లార్ చెట్లు నడుము దాకే ఉన్నాయి.
దా, లుదోవికా. గ్లవ్స్ తర్వాత వేసుకుందువు గానీ
ముందు దీని పక్కన గొంతుక్కూర్చో. చూడు.

నాలుగు గొట్టాలు వంచి అతికారు, అంతే.
స్ప్రింగుల్లేవు, తలుపుల్లేవు, నీ బండికి గేర్లూ లేవు.
సీటు బెల్టు అసలే లేదు.
తిరగబడితే బండి నిన్ను పట్టుకుని ఉండకూడదు,
వదిలెయ్యాలి.
నేల నీకు రెండు వేళ్ళ కింద పరిగెడుతుంది.
దారిలో గులకరాయి ఉంటే
ముందు వెన్నుపూసకు తెలుస్తుంది,
కళ్ళకు ఆనక.

వెనక చక్రాలు రెంటికీ ఇరుసు ఒక్కటే.
పేచీ అంతా మలుపులోనే:
బయటిది ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ,
ఏదీ తగ్గదు.
అందుకని స్టీరింగ్ తిప్పగానే
లోపలి చక్రం వీసమెత్తు నేల విడవాలి,
తడి గచ్చు మీద పిల్లి కాలెత్తినట్టు.
ఎత్తేది ఇంజను కాదమ్మా, నీ ఒళ్ళు.
బండికున్న ఎముకల్లో నువ్వూ ఒకదానివి.
సాయంత్రానికి పక్కటెముకలు కమిలిపోతాయి,
మీ అమ్మ నన్ను తిడుతుంది. తిట్టనీ.

కుడికాలు గ్యాసు, ఎడమకాలు బ్రేకు.
రెండూ ఒక్కసారే తొక్కావో,
నా చేతిలో స్పానర్ చూశావుగా.
చూపు ముక్కు ముందు పెట్టకు,
నువ్వింకా చేరని చోట పెట్టు.
బండి ఆ చూపు వెనకాలే కుక్కపిల్లలా వస్తుంది.

ఇది సీసం. పట్టుకో, బరువే.
నువ్వు పిట్టంత ఉన్నావు,
రూలేమో మనిషీ బండీ కలిసి నూటపది కిలోలు తూగాలంటుంది.
తరుగుపడ్డది ఇలా పలకలుగా సీటుకు బిగిస్తాం.
బోల్టుకు రెండేసి నట్లు.
రెండెందుకని అడగవేం?

చాలా ఏళ్ళ కిందట, ఈ షెడ్డులోనే, నివేస్ అని ఒక పిల్ల.
మంచు అని ఆ పేరుకు అర్థం.
ఆ రోజు వాన.
ఎండలో టైర్ల రబ్బరు పూసుకున్న దారి
వానలో సబ్బుబిళ్ళ అవుతుంది,
అందరూ దాని మీదే జారారు.
తను ఎవరూ వెళ్ళని అంచు పట్టుకుంది.
పదకొండో దాని నుంచి ఒక్కొక్కర్నీ దాటి
గీత మొదట దాటింది.
నేను టోపీ గాల్లోకి విసిరాను. మళ్ళీ దొరకలేదు.

ఆ తర్వాత కాటా.
ముల్లు మూడొందల గ్రాముల కింద ఆగింది.

ఒక్క నట్టు.
నేను బిగించాల్సింది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.
వానలోనే ట్రాక్ అంచు వెంట నడుచుకుంటూ పోయింది,
నాలుగో మలుపు గడ్డిలో పలక ఏరుకుని వచ్చింది,
నా అరచేతిలో పెట్టింది.
"నీది, ఓరెస్తే."
అంతే అంది.

ఇప్పుడు మాంతోవాలో పళ్ళ డాక్టరు.
పన్ను నొప్పి పుడితే అక్కడికే పోతాను.
ఆ వాన ఊసు తనెత్తదు.
నోరు తెరిచి పడుకుంటాను కదా, నేనూ ఎత్తలేను.

మంచు లేస్తోంది. అదిగో, మొదటి మలుపు తేలింది.
మొదటి నట్టు నేను బిగించాను.
ఇదిగో స్పానర్, రెండోది నీ వంతు.
బిగిసిందా?
ఇంకో పావు తిప్పు.