సంచి అస్తరు

తబితమ్మకి చూపు తక్కువ, వేళ్లు చురుకు.
కానుక సంచి పాత కుట్లు విప్పుతూ
"మాస్టారూ, ఇందులో ఏదో గరగరమంటోంది" అంది.
ఎర్ర మఖమలుకీ లోపలి అస్తరుకీ మధ్య
నాలుగు మడతలు పడి
ఒక ఐదొందల నోటు.
పాతది. ఎప్పుడో రద్దయిపోయినది.

పదకొండేళ్ల కిందటి కోత పండుగ నాకు గుర్తే.
గుమ్మడికాయలు, కోళ్లు, బియ్యపు బస్తాలు వేలం వేశాం.
డాక్టరమ్మ సంచిలో ఐదొందలు వేశానంది.
మూడుసార్లు లెక్కపెట్టాను, లేదు.
హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి,
నా లెక్క తప్పదు.
తప్పితే సంచి మోసిన చెయ్యి తప్పాలి.

పేరు ఎత్తలేదు నేను.
పాస్టరుగారి గదిలో, కమిటీ ముందు,
కిటికీలోంచి గంట తాడు వైపు
ఒక్కసారి చూశాను, అంతే.
ఆ చూపుకే జెకర్యా పని పోయింది.

"నేను తియ్యలేదండీ" అని ఒకసారి అన్నాడు.
రెండోసారి అనలేదు.
అనకపోవడాన్ని కూడా
రుజువు కింద రాసుకున్నాను.

ప్రతి ఆదివారం
పాపాల ఒప్పుకోలు అందరం కలిసి చదువుతాం.
మేము, మేము, మేము అంటూ
మూడొందల గొంతుల్లో నా గొంతు.
"మేము" కింద ఎంత చల్లటి నీడ!
పదకొండేళ్లు అక్కడే కూర్చున్నాను.

కన్ఫర్మేషన్ పిల్లలకు నేనే చెప్పేవాణ్ణి:
కృప కొనేది కాదు, సంపాదించేది కాదు, ఉచితం.
బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీసేవాణ్ణి.
జెకర్యా కొడుకు ఆ తరగతిలో మూడో బెంచీ.
ఆ ఏడు మధ్యలో మానేశాడు.
ఎందుకని నేను అడగలేదు.

నోటు జేబులో పెట్టుకుని
సంగడిగుంట సందుల్లో అడిగి అడిగి వెళ్లాను.
మిర్చి యార్డులో టిక్కీలు మోస్తున్నాడిప్పుడు.
ముక్కుకి తువ్వాలు బిగించిన గుర్తు చెంపల మీద,
మండే చేతులు నీళ్ల బకెట్లో.
భార్య నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది.
కుర్చీ వెయ్యలేదు.
వెయ్యనక్కర్లేదు.

"నేను" అన్నాను.
ఆ తర్వాత మాట రాలేదు.
ఏకవచనం ఇంత బరువని
మా స్కూలు తెలుగు పంతులు కూడా ఎన్నడూ చెప్పలేదు.
"నేను నిన్ను దొంగని చేశాను, జెకర్యా."

చెయ్యి తుడుచుకుని, నోటు అందుకుని,
ఎండకి ఎత్తి చూశాడు.
"ఇది చెల్లదు కదండీ."
చెల్లదు.
కాసేపు దగ్గాడు.
"గంట తాడు మార్చారా?
చివర పీచు లేచి అరచేతులు కోసేది.
కొత్త కుర్రాడికి చెప్పండి, గుడ్డ చుట్టుకోమని."
క్షమించానని అనలేదు.
అది నేను వసూలు చేసుకునే బాకీ కాదు.

ఆదివారం, ప్రకటనల్లో
ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెండ్లి అని చదివాక
లేచి నిలబడ్డాను.
కమిటీ పెద్ద హనోకుగారు చెయ్యి పట్టుకుని
"ఇక్కడెందుకు మాస్టారూ, లోపల మాట్లాడుకుందాం" అన్నారు.
లోపలే కదా మాట్లాడుకున్నాం
పదకొండేళ్ల కిందట!
విడిపించుకుని చెప్పాను,
అతని పేరుతో సహా, నా పేరుతో సహా.
ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.
తబితమ్మ మాత్రం, వినపడేట్టుగానే, ముక్కు చీదింది.

ప్రభు భోజనానికి మోకరించినప్పుడు
నా కుడిపక్కన
ఒక మనిషి పట్టేంత చోటు వదిలాను.
ఎవరో జరగమన్నారు.
జరగలేదు.

రొట్టె నాలుక మీద పడ్డ క్షణాన
వెనక తలుపు దగ్గర ఎవరో దగ్గారు,
ఛాతీ లోతుల్లోంచి, మిరప ఘాటు దగ్గు.
గుంటూరులో ఆ దగ్గు ఎవరిదైనా కావచ్చు.
తల తిప్పి చూడలేదు.
చోటు మాత్రం అలాగే ఉంచాను.