వంతెన విరిగిందని రాశాను

నది దాటనివ్వదేం మామా, అంది వాసంతి
మీటలరిగిన నా పాత లాప్‌టాప్ ముందు కూచుని.
(బడి రిజిస్టర్లో బాసంతి. ఒడియా పంతులి నోట్లో
'వ' ఎప్పుడూ 'బ' ఒడ్డుకే చేరుతుంది.)

వంతెన విరిగిందమ్మా, అన్నాను. వరదకి.
చూడు, అక్కడ బోర్డు కూడా పెట్టాను.

నిజానికి వంతెన విరగలేదు.
అవతలి ఒడ్డు నేను గీయలేదు.
రెండు జీబీల డబ్బాలో అంతకంటే లోకం పట్టదు.
చెట్లు మూడే రకాలు, అటూ ఇటూ తిప్పి నాటాను.
కొండ మీద మంచు కురుస్తోందని రాసింది
కొండ వెనక ఏమీ లేదు గనక.
వీరుడు ఎనిమిది వస్తువులే మోస్తాడు,
వాళ్ళమ్మ కుట్టిన సంచీ చిన్నది.
గెంతలేడు, చిన్నప్పుడు కాల్లో ఈతముల్లు దిగింది.
(గెంతితే గాల్లోనే ఉండిపోతున్నాడు.
వారం రోజులు తంటాలుపడి, చివరికి ముల్లు గుచ్చాను.)
చచ్చినా లేస్తాడు. షావుకారుకి బాకీ ఉన్నాడు మరి,
తీరేదాకా పోనిస్తాడా?

ఆడేవాళ్ళు మంచివాళ్ళు.
గోడ కడితే గుద్దుతారు.
మంచు అంటే, చలేస్తోంది పద, అని
వాళ్ళంతట వాళ్ళే వెనక్కి తిరుగుతారు.

ఈ విద్య నేను కాలేజీలో నేర్వలేదు.
పర్లాకిమిడిలో మా వీధంతా
ఆకురాయి రజను, కాలిన వెంట్రుక వాసన.
నాన్న గేదెకొమ్ముని నిప్పు మీద వెచ్చజేసి
అందులోంచి కొంగని తీసేవాడు.
మెడ అక్కడే ఎందుకు వంగిందని అడిగితే
కొమ్ము అక్కడ వంగింది గనక, అనేవాడు
బీడీ పక్కన పెట్టి.
కొనడానికొచ్చినాయన అడిగితే మాత్రం
కింద నీళ్ళల్లో చేపుంది బావూ, చూస్తంది.
ఆయన నిజంగానే వంగి చూసేవాడు
బల్లచెక్క మీద, చేప కోసం.

అబద్ధం కదా నాన్నా?
కాదురా. కొమ్ము తరఫున మాటాడతన్నాను.

మహేంద్రతనయ మీద అసలు వంతెన బాగానే ఉంది.
అటు దిగితే పాతపట్నం.
నాన్నకి ఊపిరాడని రాత్రి ఆటోలో దాని మీంచే వెళ్ళాం.
కిటికీ వెనక కుర్రాడు కార్డు తిప్పి తిప్పి చూసి
ఇది ఒడిశాదండీ, ఇక్కడ చెల్లదు, అన్నాడు.
ఎందుకు చెల్లదు?
కంప్యూటర్ తీసుకోదండీ.

వరద లేదు. మంచు లేదు. రేవులో మొసలి లేదు.
రాజుగారి ముద్ర తెచ్చుకో, అనే కాపలావాడైనా లేడు.
కంప్యూటర్ సంగతి నాకు తెలుసు,
ఏం తీసుకోమంటే అది తీసుకుంటుంది.
ఎవడో షరతు ఒకటి రాసి
కథ రాయడానికి బద్ధకించాడు.

స్ట్రెచర్ మీంచి నాన్న అడిగాడు, ఏటంట్రా?
నోటికి ఏదొస్తే అది:
వంతెన విరిగిందంట నాన్నా.
ఇప్పుడే దాని మీంచి వచ్చినవాడు
కాసేపు నన్నే చూసి,
సర్లే, అన్నాడు. పనివాడు పనివాడితో అన్నట్టు.

నిన్న సాయంత్రం వాసంతి కన్నం కనిపెట్టింది.
రేవు రాయికీ తుమ్మచెట్టుకీ మధ్య పక్కవాటుగా నడిస్తే
అడ్డు లేదు. వీరుడు నీళ్ళ మీద నాలుగడుగులు వేసి
నీలంలోకి పడతాడు, పడుతూనే ఉంటాడు
సంచీలో ఎనిమిది వస్తువులతో.
ఓలమ్మో, అటేపు ఏటీ నేదు మామా!
చప్పట్లు కొట్టింది. మళ్ళీ పడింది. మళ్ళీ.

పూడ్చడానికి ఒక్క లైను చాలు.
రాత్రి కూచున్నాను గానీ పూడ్చలేదు.
ఆ నీలం అడుగున, పడేవాళ్ళెవరూ ఆగి చూడలేని చోట
ఒక కొంగని నిలబెట్టాను.
మెడ ఎందుకు వంగిందో రాయలేదు.